ఫైల్లో నిజంగా ఏముంది? కాన్ఫిగ్ ఫైళ్లతో, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో పడ్డ తిప్పలు

(నల్లగొండలో డిగ్రీ, ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు ఒక నెట్‌వర్క్ టెక్నీషియన్ చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. బోర్డు మీద రాసిన గుర్తులను ఆయన నోటితో పలికినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల్లో ఉన్నవాళ్లు జర ముందుకు రండి. ఈ మైకు సగంసేపు పలుకుతుంది, సగంసేపు పలకదు. నేను చెప్పబోయేది కూడా అలాంటి వాటి గురించే. ముప్పై ఫైళ్ల మీద మంచిగా నడిచి, ముప్పై ఒకటో ఫైలు దగ్గర కూలబడే స్క్రిప్టుల, అంటే చిన్న చిన్న ప్రోగ్రాముల గురించి. కూలబడితే ఇంకా నయం. కూలబడకుండా, తప్పు జవాబును ధీమాగా చేతిలో పెట్టే స్క్రిప్టులు ఉంటాయి చూడండీ, వాటి గురించి.

నేను మిర్యాలగూడ దిక్కు రైస్ మిల్లుల్లో కంప్యూటర్లు, నెట్‌వర్కులు చూసుకుంటాను. మిల్లుకు లారీ వడ్లతో వస్తే ముందు ఎక్కడికి పోతుంది? ధర్మకాంటా మీదికి. కాంటా బరువు చూపించే యంత్రం నుంచి సీరియల్ కేబుల్ ఒకటి కంప్యూటర్లోకి వస్తుంది. బరువు అంకె ఆ తీగలోనుంచి వస్తుంది. ఏ పోర్టులో తీగ పెట్టారు, ఎంత స్పీడులో వినాలి, చీటీ ఏ ప్రింటర్లో కొట్టాలి, ఇవన్నీ ఒక చిన్న టెక్స్ట్ ఫైల్లో ఉంటాయి. అదే కాన్ఫిగ్ ఫైలు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే కనపడుతుంది. అందరూ తెరుస్తారు. అందరూ ఏదో ఒకటి మారుస్తారు. అడిగితే మాత్రం "నేనేం ముట్టుకోలే సార్, నిన్నటిదాకా మంచిగనే నడిచింది" అంటారు.

ఆ ఫైలు ఎట్లా ఉంటుందో బోర్డు మీద రాస్తున్నాను. కావాలనే తెలుగులో రాస్తున్నాను. ఎందుకో చివర్లో చెప్తా, అప్పటిదాకా గుర్తుంచుకోండి.

[కాంటా]
పోర్ట్ = కామ్3
స్పీడ్ = 9600
ప్రింటర్ =
కాపీలు = 2

[సర్వర్]
# పోర్ట్ = 8080
పోర్ట్ = 9090
రిపోర్ట్ = రోజువారీ
పాస్‌వర్డ్ = బత్తాయి=42#

చూశారా? బ్రాకెట్లో సెక్షన్ పేరు, కింద పేరు, ఈక్వల్ గుర్తు, విలువ. మూడో తరగతి పిల్లవాడికి చూపించినా ఏది ఏమిటో చెప్పేస్తాడు. నేనూ అలాగే అనుకున్నా. నలభై దాకా కాంటాల సెట్టింగులన్నీ ఒకే షీటులోకి తెచ్చే పని ఒకటి వచ్చింది. సాయంత్రం కూర్చుని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో స్క్రిప్టు రాసేశా. ఒక్క లైను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే ఏ ఆకారంలో ఉన్న టెక్స్టు కావాలో చెప్పే ప్యాటర్న్: లైను మొదలు, పేరు, ఖాళీలు ఎన్నైనా, ఈక్వల్, మళ్లీ ఖాళీలు ఎన్నైనా, మిగిలిందంతా విలువ. ఖాళీలు ఎన్నైనా అనడానికి బ్యాక్‌స్లాష్ ఎస్, పక్కన స్టార్. అందరూ రాసేదే. మీలో ఎంతమంది అట్లాగే రాస్తారు? చేతులెత్తండి. అబ్బో, బాగానే ఉన్నారు.

షీటు వచ్చింది. పైపైన చూశా, బాగుంది. వారం తర్వాత సర్వర్ పోర్టు మార్చాల్సి వచ్చి, అదే షీటు నుంచి ఫైళ్లన్నింటినీ తిరిగి రాసే స్క్రిప్టు నడిపా. మర్నాడు పొద్దున ఆరింటికి ఫోను. యాసంగి వడ్లు వచ్చే రోజులు, మిల్లు ముందు లారీలు రోడ్డుదాకా వరస కట్టాయి. కాంటా బరువు చూపిస్తోంది గానీ చీటీ రావడం లేదు. పోయి చూస్తే ఆ కంప్యూటరు ఒక ప్రింటర్ కోసం వెతుకుతోంది. ఆ ప్రింటర్ పేరేంటో తెలుసా? "కాపీలు = 2". ఆ పేరుతో ప్రింటర్ ఈ ప్రపంచంలో ఎవరూ తయారు చేయలేదు.

ఏం జరిగింది? బోర్డు చూడండి. ప్రింటర్ పక్కన ఈక్వల్ ఉంది, దాని తర్వాత ఏమీ లేదు. ఆ సాఫ్ట్‌వేర్లో ఖాళీగా వదిలేస్తే విండోస్‌లో ఏది డిఫాల్ట్ ప్రింటరో దానికే పోతుంది. అంటే ఖాళీ కూడా ఒక విలువే. ఇక నా బ్యాక్‌స్లాష్ ఎస్ స్టార్ ఏం చేసింది? ఈక్వల్ తర్వాత ఖాళీలు ఎన్నైనా తీసుకో అన్నాను కదా. కొత్త లైను గుర్తు కూడా బ్యాక్‌స్లాష్ ఎస్ లెక్కలో ఖాళీయే. అది లైను చివర ఆగలేదు. గడప దాటి కింది లైన్లోకి దిగింది. అక్కడ కనిపించిన "కాపీలు = 2" మొత్తాన్ని విలువ అని పట్టుకొచ్చింది. పైగా ఆ లైనును మింగేసింది కాబట్టి కాపీలు అనే పేరే నా షీటులో లేదు. ఒక తప్పులో రెండు తప్పులు. ఎర్రర్ వచ్చిందా? రాలేదు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ తప్పు చేసిందా? అదీ లేదు. నేను చెప్పిందే అక్షరం పొల్లుపోకుండా చేసింది.

అందుకే నేను ఎక్కడికి పోయినా ఇదే చెప్తా. దొరకకపోతే భయం లేదు. దొరకలేదని తెలుస్తుంది, కూర్చుని వెతుకుతాం. తప్పుగా దొరికినప్పుడే భయపడాలి. స్క్రిప్టును పరీక్షించేటప్పుడు మనం ఏం చేస్తాం? మంచి ఫైలు ఇచ్చి చూస్తాం. ఖాళీ విలువ ఉన్న ఫైలు ఇచ్చామా? ఇవ్వం. ఎందుకివ్వం? మనసుకు తట్టదు కాబట్టి.

దీనికి మందు రెండు రకాలు. ఫైలు మొత్తాన్ని ఒకేసారి మింగకుండా ఒక్కో లైనూ చదవడం ఒకటి. లైను ఒక్కటే చేతిలో ఉంటే అది కింది లైన్లోకి ఎట్లా పోతుంది? పోలేదు. రెండోది, బ్యాక్‌స్లాష్ ఎస్ బదులు స్క్వేర్ బ్రాకెట్లో ఒక స్పేసు, ఒక ట్యాబు పెట్టి స్టార్ కొట్టడం. నేను మొదట ఈ రెండోదే చేశా. నాలుగు రోజులు హాయిగా నడిచింది. ఐదో రోజు మళ్లీ ఫోను.

ఈసారి ఎవరో సెట్టింగును వాట్సాప్‌లో పంపితే అక్కడినుంచి కాపీ చేసి ఫైల్లో అతికించారు. ఆ లైన్లో స్పేసులా కనిపించేది స్పేసు కాదు. నాన్‌బ్రేకింగ్ స్పేస్ అంటారు, అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్‌లో దాని నంబరే వేరు. కంటికి రెండూ ఒకటే. పైథాన్‌లో బ్యాక్‌స్లాష్ ఎస్ అయితే దాన్ని కూడా ఖాళీగానే చూస్తుంది. నేను పెట్టిన స్పేసు, ట్యాబు మాత్రం చూడవు. ఒక గుంత పూడ్చబోయి పక్కన ఇంకోటి తవ్వుకున్నా. చివరికి ఏం రాశానంటే, స్క్వేర్ బ్రాకెట్ తెరిచి, క్యారెట్, బ్యాక్‌స్లాష్ పెద్ద ఎస్, బ్యాక్‌స్లాష్ ఎన్, బ్రాకెట్ మూసి, స్టార్. దాని అర్థమేంటి? ఖాళీ కానిది వద్దు, కొత్త లైనూ వద్దు. అంటే మిగిలేది లైను లోపలి ఖాళీలు, అవి ఏ జాతివైనా సరే. చూడ్డానికి వంకరగా ఉంటుంది గానీ పని చేస్తుంది. రాసుకోండి.

ఇప్పుడు అసలు మాట. స్క్రిప్టు పని చేయకపోతే మీరు ముందు ఏం తెరుస్తారు? ప్యాటర్న్. దాన్నే అటు తిప్పి, ఇటు తిప్పి, ఇక్కడొక ప్రశ్నార్థకం, అక్కడొక స్టార్ పెట్టి చూస్తారు. అవునా, కాదా? నేనూ ఏళ్ల తరబడి అదే చేశా. ఇప్పుడు ప్యాటర్న్ జోలికే పోను. ముందు ఆ లైన్లో నిజంగా ఏముందో చూస్తా. పైథాన్‌లో ప్రింట్ చేస్తే కనపడదు. ప్రింట్ మన కంటికి నచ్చేట్టు చూపిస్తుంది. రెప్ర్ అనే ఫంక్షన్ ఉంది, దాన్ని వాడండి. అది దాచకుండా బయట పెడుతుంది. కొత్త లైను ఉంటే బ్యాక్‌స్లాష్ ఎన్ అని, నాన్‌బ్రేకింగ్ స్పేసు ఉంటే బ్యాక్‌స్లాష్ ఎక్స్ ఏ జీరో అని రాసి చూపిస్తుంది. లినక్స్‌లో అయితే క్యాట్ కమాండుకు హైఫన్ పెద్ద ఏ జోడించండి. లైను ఎక్కడ అయిపోయిందో డాలర్ గుర్తు పెట్టి మరీ చూపిస్తుంది.

అట్లా చూసినప్పుడు మీకు పట్టుబడే దొంగల్లో మొదటివాడు ఫైలు మొదట్లోనే కూర్చుంటాడు. వాణ్ని ఎట్లా గుర్తుపట్టాలి? మొదటి లైను ఒక్కటే దొరకదు, మిగతావన్నీ దొరుకుతాయి. సెక్షన్ పేరు కాంటా అని రాసి ఉంది, కళ్లముందే ఉంది, స్క్రిప్టు మాత్రం అలాంటి సెక్షనే లేదంటుంది. రెప్ర్ పెట్టి చూస్తే బ్రాకెట్ కన్నా ముందు బ్యాక్‌స్లాష్ యు, ఎఫ్ ఈ ఎఫ్ ఎఫ్ అని ఉంటుంది. దాని పేరు బామ్, బైట్ ఆర్డర్ మార్క్. పాత విండోస్ నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8 అని, అంటే యూనికోడ్ అక్షరాలను ఫైల్లో రాసే ఒక పద్ధతిని ఎంచుకుని సేవ్ చేస్తే ఫైలు మొదట దీన్ని తగిలించేది. 2019లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి నోట్‌ప్యాడ్ మామూలుగా సేవ్ చేస్తే ఇది రావడం లేదు. మరి మిల్లుల్లో ఉన్న కంప్యూటర్ల వయసెంత? వాటిలో కొన్ని మీకంటే పెద్దవి. ముందూ వెనకా ఉన్న ఖాళీలు తుడిచే స్ట్రిప్ ఫంక్షన్ వాడితే పోతుందనుకోకండి, పోదు. పైథాన్ లెక్కలో అది ఖాళీ కాదు. ఫైలు తెరిచేటప్పుడే ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 పక్కన హైఫన్, సిగ్ అని రాయండి. బామ్ ఉంటే తీసేస్తుంది, లేకపోతే ఊరుకుంటుంది.

రెండోవాడు లైను చివర ఉంటాడు. ఇక్కడ టైపు నేర్చుకున్న పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నారా? సార్, మీరా? ఏ ఇన్‌స్టిట్యూట్? సరే సార్, తర్వాత మాట్లాడుకుందాం. టైపు మిషన్ మీద లైను అయిపోతే ఏం చేసేవారు సార్? లివర్ పట్టుకుని నెట్టేవారు. ఆ ఒక్క నెట్టుడుతో రెండు పనులు జరుగుతాయి. క్యారేజీ మొదటికి వస్తుంది, కాగితం ఒక లైను పైకి జరుగుతుంది. టెలిప్రింటర్లలో ఈ రెండు పనులకు రెండు వేర్వేరు గుర్తులు ఉండేవి: క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్. విండోస్ నేటికీ ఆ రెండింటినీ రాస్తుంది. లినక్స్ లైన్ ఫీడ్ ఒక్కటే రాస్తుంది. విండోస్‌లో సేవ్ చేసిన ఫైలును లినక్స్ షెల్ స్క్రిప్టుతో చదివితే 9600 అనే అంకె వెనకాల ఆ క్యారేజ్ రిటర్న్ జలగలా పట్టుకుని ఉంటుంది. మీరు ప్యాటర్న్‌లో అంకెలు, ఆ వెంటనే లైను చివర అని డాలర్ పెడతారు. దొరకదు. ఎందుకు దొరకదు? అంకెకూ లైను చివరకూ మధ్యలో ఒకడు నిలబడి ఉన్నాడు. పైథాన్‌లో ఫైలును మామూలుగా టెక్స్ట్‌గా తెరిస్తే వీణ్ని అదే తీసేస్తుంది. అందుకే పైథాన్‌లో పనిచేసిన ప్యాటర్న్ లినక్స్‌లో టెక్స్టు వెతికే గ్రెప్ కమాండులో పనిచేయదు, మనం గ్రెప్‌ను తిడతాం.

గ్రెప్ మాట వచ్చింది కాబట్టి ఇంకో చిన్న సంగతి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంతా ఒకటే భాష అనుకోకండి. మనం నల్లగొండలో మాట్లాడేదీ తెలుగే, పాలమూరులో మాట్లాడేదీ తెలుగే. నారాయణపేట దాటి పోతే మధ్యలో కన్నడం కలుస్తుంది. ఇదీ అంతే. పైథాన్‌లో ప్లస్ అంటే ఒకటి గానీ అంతకన్నా ఎక్కువ గానీ. గ్రెప్‌కు ఏ ఆప్షనూ ఇవ్వకపోతే ప్లస్ అంటే ప్లస్ గుర్తే. అంకెకు బ్యాక్‌స్లాష్ డి అంటే పైథాన్‌కు తెలుసు, మామూలు గ్రెప్‌కు, టెక్స్టును మార్చే సెడ్ కమాండుకు తెలియదు. అక్కడ సున్నా నుంచి తొమ్మిది అని బ్రాకెట్లో రాయాల్సిందే. ఇంటర్నెట్‌లో దొరికిన ప్యాటర్న్ తెచ్చి అతికించే ముందు అది ఏ ఊరి భాషో చూసుకోండి.

మళ్లీ బోర్డు దగ్గరికి వద్దాం. చివరి లైను. పాస్‌వర్డ్ ఈక్వల్ బత్తాయి ఈక్వల్ నలభై రెండు హ్యాష్. నవ్వకండి, ఇంతకన్నా విచిత్రమైన పాస్‌వర్డులు చూశా. దీన్ని ఇట్లా పట్టుకుందాం అనుకోండి:

(.*)=(.*)

చుక్క స్టార్, ఈక్వల్, చుక్క స్టార్. చుక్క అంటే ఏ అక్షరమైనా, స్టార్ అంటే ఎన్నైనా. పేరు ఏం వస్తుంది చెప్పండి? ఎవరైనా? పాస్‌వర్డ్ అని వస్తుందా? రాదు. "పాస్‌వర్డ్ = బత్తాయి" అంతా పేరు, "42#" విలువ. ఎందుకంటే చుక్క స్టార్‌కు ఆశ ఎక్కువ.

ఇట్లా ఊహించుకోండి. నల్లగొండలో హైదరాబాద్ బస్సెక్కారు. టీ కొట్టు ఉన్న స్టాపులో దిగాలి, అంతే పని. నార్కట్‌పల్లిలో టీ కొట్టుంది, చౌటుప్పల్‌లో కూడా ఉంది. మన చుక్క స్టార్ బస్సెక్కగానే నిద్రపోతాడు. ఎల్బీ నగర్‌లో కండక్టరు లేపితే లేస్తాడు. అప్పుడు టీ గుర్తొస్తుంది. అక్కణ్నుంచి వెనక్కి నడవడం మొదలుపెడతాడు. ఒక్కో స్టాపూ చూసుకుంటూ వస్తే మొదట ఏం తగులుతుంది? చౌటుప్పల్. అక్కడే ఆగుతాడు. చివరి ఈక్వల్ దగ్గర ఆగడమంటే అదే. చుక్క స్టార్ పక్కన ప్రశ్నార్థకం పెడితే మనిషి మారిపోతాడు. ప్రతి స్టాపులోనూ లేచి "ఇక్కడ టీ ఉందా అన్నా?" అని అడుగుతాడు. నార్కట్‌పల్లిలోనే దిగుతాడు. నన్నడిగితే ఇద్దరూ వద్దు. మొదటి భాగంలో ఈక్వల్ కానివి మాత్రమే తీసుకో అని ముందే చెప్పేయండి:

([^=]*)=(.*)

దీనికి నిద్రా లేదు, అడుగుడూ లేదు. మొదటి ఈక్వల్ వచ్చిందా, ఆగిపోతుంది. ఇది కూడా లైను లైనుగా చదివినప్పుడే సుమా. ఈక్వల్ కానిది అంటే కొత్త లైను గుర్తు కూడా అందులోకే వస్తుంది.

ఈ వెనక్కి నడిచే అలవాటు ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్తా. 2016 జులై 20న స్టాక్ ఓవర్‌ఫ్లో సైటు ముప్పై నాలుగు నిమిషాలు ఆగిపోయింది. ప్రోగ్రామింగ్ సందేహాలకు మీరంతా రోజూ పోయే సైటే. కారణం? లైను చివర ఖాళీలు కత్తిరించే ఒక చిన్న రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. ఒకరు పెట్టిన పోస్టులో వరసగా ఇరవై వేల ఖాళీలున్నాయి, వాటి తర్వాత ఒక మామూలు అక్షరం ఉంది. ఇంజిను మొదటి ఖాళీ నుంచి ఇరవై వేలూ నడిచింది, చివర అక్షరం తగిలింది, కాదనుకుంది. రెండో ఖాళీ నుంచి మళ్లీ నడిచింది. మూడో ఖాళీ నుంచి మళ్లీ. కలిపితే దాదాపు ఇరవై కోట్ల అడుగులు. ఖాళీలు తుడవడానికి ఇరవై కోట్ల అడుగులు! కాన్ఫిగ్ ఫైల్లో ఇరవై వేల ఖాళీలు ఎవరు కొడతారు అంటారా? కీబోర్డు మీద టీ గ్లాసు పెట్టి పోతే చాలు, స్పేస్ బార్ దాని పని అది చేసుకుపోతుంది.

పాస్‌వర్డ్ చివర హ్యాష్ ఉంది కదా, దాని సంగతి? హ్యాష్ నుంచి చివరిదాకా కామెంటు అని కొట్టేస్తే పాస్‌వర్డ్ తోక తెగుతుంది. కొట్టేయకపోతే ఎవరైనా విలువ పక్కన నిజంగానే కామెంటు రాసినప్పుడు అది విలువలో కలుస్తుంది. ఏది సరైనది? ఏ ప్యాటర్నూ చెప్పలేదు. ఆ ఫైలును చదివే అసలు సాఫ్ట్‌వేర్ ఏమనుకుంటుందో అదే సరైనది. ఇట్లా బ్రాకెట్లో సెక్షన్లు పెట్టి రాసేదాన్ని ఐఎన్ఐ ఫైలు అంటారు, దానికి అందరూ ఒప్పుకున్న ఒకే రూలు పుస్తకం లేదు. కాబట్టి ఆ సాఫ్ట్‌వేర్‌కే ఒక పరీక్ష ఫైలు ఇచ్చి చూడండి. వేరే దారి లేదు.

పోర్టు దగ్గర మూడు ముళ్లున్నాయి, త్వరగా చెప్పేస్తా. ఊరికే పోర్ట్ అని వెతికితే మొదట కాంటా పోర్టు దొరుకుతుంది, మీకు కావాల్సింది సర్వర్ పోర్టు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌కు ఇంతకుముందు ఏ సెక్షన్ దాటొచ్చిందో గుర్తుండదు. అది మీరే ఒక వేరియబుల్‌లో పెట్టుకోవాలి. రెండోది, హ్యాష్ పెట్టి పక్కన పెట్టేసిన పాత 8080 కూడా దొరుకుతుంది. లైను మొదలు అనే క్యారెట్ గుర్తు పెట్టకపోతే అంతే. మూడోది, రిపోర్ట్‌లో కూడా పోర్ట్ ఉంది! ట్రాన్స్‌పోర్ట్‌లో ఉంది, పాస్‌పోర్ట్‌లో ఉంది. అంకెలకూ ఇదే తిప్పలు. 10.1.1.5 అనే అడ్రసు వెతికితే 10.1.115.7 కూడా దొరుకుతుంది. ఎందుకంటే మీరు పెట్టిన చుక్క చుక్క కాదు, ఏ అక్షరమైనా సరే అని అర్థం. చుక్క ముందు బ్యాక్‌స్లాష్ మర్చిపోతే పక్క మెషీన్‌ను రీస్టార్ట్ చేసి వస్తారు. నాకు తెలుసు, నేను చేసొచ్చా.

ఇప్పుడు ఫైలంతా శుభ్రంగా ఉంది, అయినా దొరకడం లేదనుకోండి. అప్పుడు ప్యాటర్న్ మీద చెయ్యి వేయండి. పొలం దగ్గర మోటారు ఎక్కకపోతే ఏం చేస్తాం? మొత్తం తీగ పీకం. స్టార్టర్ దగ్గర టెస్టర్ పెడతాం, జాయింటు దగ్గర పెడతాం, కరెంటు ఎక్కడిదాకా వచ్చిందో చూస్తాం. ప్యాటర్న్‌ను కూడా కుడివైపు నుంచి కోస్తూ రండి. డాలర్ తీసేయండి, దొరికిందా? లేదు. విలువ తీసేయండి, దొరికిందా? లేదు. ఈక్వల్ తీసేయండి. దొరికింది! అయితే తగాదా ఈక్వల్ దగ్గరే, లేదంటే దాని ముందున్న ఖాళీ దగ్గర. రెండు నిమిషాల పని. పైథాన్ వాళ్లకు ఇంకో మాట: ప్యాటర్న్ కోట్స్ ముందు ఆర్ అక్షరం పెట్టడం మర్చిపోకండి. అది లేకపోతే బ్యాక్‌స్లాష్ బి అంటే పదం అంచు కాదు, బ్యాక్‌స్పేస్ అయిపోతుంది.

ఆ అమ్మాయి ఏదో అడుగుతోంది. చెప్పమ్మా. "పైథాన్‌లో కాన్ఫిగ్‌పార్సర్ ఉంది కదా సార్, ఇదంతా ఎందుకు?" అని. మంచి ప్రశ్న. ఉంది, ఇలాంటి ఫైళ్లు చదివిపెట్టే మాడ్యూల్ అది. ముందు అదే వాడమ్మా. ఖాళీ విలువ, సెక్షన్లు, లైను మొదట్లో కామెంట్లు, అన్నీ అదే చూసుకుంటుంది. లైను మధ్యలో వచ్చే హ్యాష్‌ను మనం చెప్తే తప్ప కామెంటు అనుకోదు, కాబట్టి మన బత్తాయి పాస్‌వర్డ్ కూడా బతుకుతుంది. కానీ దాని పట్టింపులు దానికున్నాయి. విలువలో పర్సెంట్ గుర్తు ఉంటే అక్కడ వేరే విలువ నింపాలనుకుని, ఇంటర్‌పోలేషన్ అని గొడవ పెడుతుంది, దాన్ని ఆపేయాలి. సెక్షన్ పేరు లేకుండా ఫైలు మొదలైతే మామూలుగా చదవదు. నా నలభై ఫైళ్లలో ఆరు అట్లాంటివే. ఆ ఆరింటికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ వాడాల్సింది. నేను నలభైకీ వాడా, చీటీలు ఆగిపోయాయి.

సరే, మొదట్లో ఒక మాట బాకీ పడ్డా. ఫైలును తెలుగులో ఎందుకు రాశాను? మన కాంటా సాఫ్ట్‌వేర్లలో ఊరి పేర్లు, రైతుల పేర్లు తెలుగులో పెట్టమని అడుగుతున్నారు. అడగాలి కూడా. పైథాన్‌లో నల్లగొండ అని రాసి, బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ప్లస్ పెట్టి పదాలు వెతకండి. పదంలో ఉండే అక్షరాలన్నీ తీసుకో అని కదా దానర్థం. ఒక పదం రావాలి. ఎన్ని వస్తాయో తెలుసా? మూడు. "నల", "లగ", "డ". ఊరిని మూడు ముక్కలు చేసి చేతిలో పెడుతుంది. మహబూబ్‌నగర్ పెట్టండి. "మహబ", "బ", "నగర". పాలమూరు వాళ్లూ, మీకూ అదే గతి.

ఎందుకంటే పైథాన్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు నడిపే రీ మాడ్యూల్ లెక్కలో క, గ, ల లాంటివే అక్షరాలు. పొల్లు, సున్న, గుణింతాలు యూనికోడ్‌లో గుర్తుల కింద ఉంటాయి, అవి అక్షరాలు కావు. ఎక్కడ గుణింతం వస్తే అక్కడ పదం తెగుతుంది. ఇప్పుడు పదం అంచు అనే బ్యాక్‌స్లాష్ బి సంగతి ఆలోచించండి. పోర్ట్ అనే మాటకు రెండు వైపులా బ్యాక్‌స్లాష్ బి పెడితే రిపోర్ట్ దొరకకూడదు, పోర్ట్ దొరకాలి. కానీ పోర్ట్ చివర పొల్లుంది. పొల్లు అక్షరం కాదు, తర్వాతి స్పేసూ అక్షరం కాదు, ఇక అంచు ఎక్కడిది? పోర్ట్ దొరకనే దొరకదు. చివరి బ్యాక్‌స్లాష్ బి తీసేసి ముందుది ఒక్కటే ఉంచితే? రిపోర్ట్ దొరుకుతుంది! రి లోని గుడి అక్షరం కాదు కాబట్టి దాని తర్వాత అంచు ఉందనుకుంటుంది. వద్దన్నది వస్తుంది, రమ్మన్నది రాదు. ఇంగ్లిష్ ఉదాహరణలతో మాత్రమే నేర్చుకుంటే ఇది ఎప్పటికీ కనపడదు. రీజెక్స్ అనే పేరుతో ఇంకో మాడ్యూల్ ఉంది, విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. అది గుణింతాలను కూడా పదంలో భాగంగానే చూస్తుంది. కాన్ఫిగ్ ఫైలుకైతే అదీ అక్కర్లేదు, ఈక్వల్ కానివన్నీ పేరే అనుకుంటే చాలు.

ఇంకొకటుంది. పాస్‌వర్డ్ అని తెలుగులో టైపు చేసినప్పుడు స కింద వ ఒత్తుగా పడకుండా మధ్యలో ఒక కనిపించని గుర్తు వస్తుంది. జీరో విడ్త్ నాన్ జాయినర్. పొడవు సున్నా, కంటికి కనపడదు. బ్యాక్‌స్లాష్ ఎస్‌కు అది ఖాళీ కాదు, స్ట్రిప్‌కు కాదు, బ్యాక్‌స్లాష్ డబ్ల్యూకు అక్షరమూ కాదు. ఒకరు దాంతో టైపు చేస్తారు, ఇంకొకరి కీబోర్డు దాన్ని వేరే చోట పెడుతుంది. రెండు పాస్‌వర్డ్‌లూ పక్కపక్కనే పెట్టి చూస్తే ఒకటే, పోల్చి చూస్తే వేరు. స్టాక్ ఓవర్‌ఫ్లో కథ చెప్పాను కదా, అక్కడ కత్తిరించే ప్యాటర్న్‌లో ఖాళీలతో పాటు ఈ గుర్తు కూడా ఉంది. వాళ్లకూ తగిలిందన్నమాట.

టైమైందని సార్ గడియారం చూపిస్తున్నారు. మాటలు ఆపేస్తా. ల్యాప్‌టాపులు తెచ్చుకున్నవాళ్లు తెరవండి. పెన్‌డ్రైవ్ మొదటి బెంచీ నుంచి ఇస్తున్నా, కాపీ చేసుకుని వెనక్కి పంపండి. అందులో బోర్డు మీద ఉన్న ఈ ఫైలే ఉంది. దాంట్లో నాలుగు దొంగ గుర్తులు దాచాను. ఒకటి మొదటి బ్రాకెట్ కన్నా ముందు ఉంది, అది చెప్పేస్తున్నా. మిగతా మూడు మీరే పట్టుకోండి. ప్యాటర్న్ ఇప్పుడే రాయొద్దు, ముందు ప్రతి లైనుకూ రెప్ర్ పెట్టి చూడండి. ఏ తమ్ముడూ, నోట్‌ప్యాడ్‌లో తెరిచి సేవ్ కొట్టకు! తెరిచేశావా? సరే, వేరే కాపీ తీసుకో.